ఆకులు వూదే యంత్రాలు

హైదరాబాదు నుంచి నాగార్జునసాగరం వెళ్ళే రోడ్డు మీద సుమారు 30 కిలోమీటర్లు పోతే ఇబ్రహీంపట్నం వస్తుంది. 1550 నుంచి 1580 దాకా గోలకొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా పేరు మీద వెలసిన వూరు ఇది. ఇక్కడి పెద్దచెరువును కూడా ఆయన కాలంలోనే కట్టారని చెబుతారు. చెరువుకు వానే ఆధారం. అందుచేత నీటి విలువ ఇక్కడివారికి బాగా తెలుసు.

ఆ సంగతి చెట్లకూ తెలుసు! శిశిరంలో నేల ఎండగానే అవి ఆకు రాలుస్తాయి. ఆకుల గుండా నీరు ఆవిరైపోతుంది గదా. ఆకు తగ్గితే ఆ ఖర్చూ తగ్గుతుంది.

మరి రాలిన ఆకును ఎత్తేదెలా? ఇంటి వాకిలికి చీపురు చాలు. కాని ఈ ప్రాంతంలో ఇంజనీరింగు కాలేజీలు చాలా వున్నవి. అంతంత ఆవరణలు వూడ్చాలంటే నడుము పడిపోతుంది. అటువంటి చోట ఆకులు వూదే యంత్రం అక్కరకు వస్తుంది.

కల్లంలో రైతు గాలివాటు చూసి, చేటతో వడ్లు తూర్పారబడతాడు. ఈ యంత్రం గాలి కోసం కాచుకోదు, తానే పుట్టిస్తుంది. లోపల రెక్కల చక్రం గిర్రున తిరిగి, గొట్టంలోంచి గాలిని తోస్తుంది. ఆ గాలి వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటవచ్చు.

ఆ చక్రాన్ని పెట్రోలు తిప్పవచ్చు, విద్యుచ్ఛక్తి తిప్పవచ్చు. ఏది మేలు?

పెట్రోలు యంత్రానికి బలం ఎక్కువ, తీగతో పని లేదు. అయిపోతే మళ్ళీ పోసుకోవచ్చు. కాని వీటిలో చాలావాటికి వుండేది టూస్ట్రోక్ ఇంజను. పెట్రోలులో నూనె కలిపి పోయాలి. అందులో కొంత కాలకుండానే పొగతో బయటికి వస్తుంది. ఇలాంటి యంత్రం ఒక గంట నడిస్తే వెలువడే కొన్ని హానికర వాయువులు, ఒక కారు సుమారు 1,770 కిలోమీటర్లు నడిస్తే వెలువడేటంత వుంటాయని అమెరికాలో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ లెక్క కట్టింది. అంటే కారు ఇక్కడ బయలుదేరి ఢిల్లీ దాటిపోవాలన్నమాట! 2024 నుంచి అక్కడ తయారయ్యే కొత్త యంత్రాలు పొగ లేనివై వుండాలని నియమం పెట్టారు. ఇక చప్పుడు నడిపేవాని చెవి దగ్గర 90 డెసిబెళ్ళు దాటవచ్చు. రోజూ అంత మోత వింటే చెవుడు వస్తుంది.

విద్యుత్ యంత్రం తేలిక, మోత తక్కువ, పొగ లేదు. ఐతే తీగ వున్నంత మేరే పోతుంది. బ్యాటరీదైతే కాసేపటికే మళ్ళీ చార్జి చేయాలి. పొగ బొత్తిగా లేదనుకునేరు! మన కరెంటులో చాలా భాగం బొగ్గు కాల్చగా వచ్చిందే. పొగ వాకిట్లో కాక, రామగుండం వంటి చోట వస్తుంది. కాని 2022లో ఆ రామగుండంలోనే జలాశయం మీద తేలే 100 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రం పూర్తయింది. కరెంటు పుట్టే తీరు మారితే యంత్రమూ శుభ్రపడుతుంది. పెట్రోలు ఇంజనుకు ఆ అదృష్టం లేదు.

కాబట్టి గచ్చు నేలకు, బాటలకు విద్యుత్ యంత్రమే మేలు. దుమ్ము మాత్రం రెండూ లేపుతాయి. నడిపేవారికి ముక్కుగుడ్డ, చెవులకు రక్షణ ఇవ్వాలి.

చెట్టు మొదట్లో ఆకుకు మాత్రం ఏ యంత్రమూ వద్దు! ఎందుకో మీరే పరీక్షించండి. బడి తోటలో పక్కపక్కనే రెండు జానెడు చోట్లు ఎంచి, ఒకదాన్ని వూడ్చండి. రెండోదాన్ని ఆకుతో కప్పండి. రెంటికీ ఒక్కొక్క చెంబు నీళ్ళు పోసి, ఏది ముందు ఆరుతుందో రోజూ రాసుకోండి. వాన మీద బతికే వూరికి ఆ లెక్క ఎంతో అవసరం.