ఊరు లేని గంట

మా అమ్మకొక అలవాటున్నది. డాలస్ నుంచి మా తమ్ముడు ఎప్పుడు ఫోను చేసినా, "ఎట్లా వున్నావురా?" అనే ముందు, "ఇప్పుడు మీకెంతయిందిరా?" అని అడుగుతుంది. పదేళ్ళనుంచీ ఇదే ప్రశ్న. వాడు చెబుతాడు. ఆమె, "అయ్యో, ఇంకా పడుకోలేదుట్రా!" అంటుంది. నేను నవ్వుకునేవాణ్ణి. ఇప్పుడు నవ్వడం లేదు. ఎందుకో మనవి చేస్తాను.

మా నాన్నగారి తద్దినం కార్తికమాసంలో వస్తుంది. ఆ పూట మా తమ్ముడు అక్కడ స్నానంచేసి, పంచె కట్టుకుని, వీడియోలో మాతోపాటు కూర్చుంటాడు. సంకల్పం వేళకు వాడి ముఖం కనబడితే అమ్మకు తృప్తి.

2024 నవంబరులో నేను కాలేజీ కంప్యూటరు ముందు కూర్చుని వుండగా ఈ సంగతి గుర్తుకు వచ్చింది. ఎదురుగా వున్న కాలేజీ కాలెండరులోనే, తేదీ చూసి, "నాన్నగారి తద్దినం, ఉదయం 11" అని వ్రాశాను. అది నా ఫోనులోని కాలెండరుకూ, అక్కడనుంచి మా తమ్ముడి కాలెండరుకూ ముడిపడి వున్నది. మూడూ మూడు వేరువేరు కంపెనీల సరుకు. అయినా ఒకచోట వ్రాస్తే మూడుచోట్లా కనిపిస్తుంది. ఇక విడిగా చెప్పే పనిలేదు గదా అని సంబరపడ్డాను. ఆ సంబరమే కొంప ముంచింది.

ఆ రోజు పదకొండయింది. పదకొండుంబావు అయింది. తమ్ముడి జాడలేదు. నేను చేస్తే పలకలేదు. శాస్త్రిగారు, "మొదలుపెడదామా అండీ?" అన్నారు. "ఇంకొక్క అయిదు నిముషాలు చూడండి బాబూ" అన్నది అమ్మ. ఆ అయిదూ గడిచాయి. మొదలుపెట్టాము.

నా మనసు మంత్రంమీద నిలిస్తే ఒట్టు. "అమెరికా వెళ్ళాక నాన్న తద్దినంకూడా బరువైపోయింది వీడికి" అనుకున్నాను. అనుకుని వూరుకోక పైకి కూడా అన్నాను. అమ్మ, "వాడు మరిచిపోయే పిల్లవాడు కాడురా" అని లోపలికి వెళ్ళిపోయింది.

భోక్తలు భోజనాలు చేసి వెళ్ళారు. మేమూ తిన్నాము. ఇల్లు కడగడం కూడా అయింది. సాయంత్రం నాలుగుంబావుకు నా ఫోను మోగింది. చూద్దును గదా, "నాన్నగారి తద్దినం, ఇంకా 15 నిముషాలు" అని వున్నది! నేను తెల్లబోయి చూస్తూండగానే సరిగ్గా నాలుగున్నరకు తమ్ముడి వీడియో వచ్చింది. తలకు పోసుకుని, పంచె కట్టుకుని, పీటమీద కూర్చుని వున్నాడు. వాడికి తెల్లవారుజాము అయిదు. "అన్నయ్యా, శాస్త్రిగారు వచ్చారా?" అన్నాడు.

నా నోట మాట రాలేదు.

మేము సంకల్పం చెప్పుకుంటున్నప్పుడు వాడికి అంతకుముందు రాత్రి పదకొండున్నర. అయిదింటికల్లా సిద్ధంగా వుండాలని, పళ్ళు మాత్రం తిని, వాడు పెందలాడే పడుకున్నాడట. తద్దినానికి లేవాలనే, తద్దినం వేళకు నిద్రపోయాడన్నమాట! తేదీ సరిగానే వున్నది గనుక వాడికి అనుమానం రాలేదు. "నువ్వు వ్రాసిన వేళ తప్పుతుందని ఎట్లా అనుకుంటాను అన్నయ్యా?" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది.

ఆ రాత్రే ఇద్దరమూ కూర్చుని తప్పు వెదికాము. కాలేజీ కాలెండరు తెరిచిన నాడు మనం ఏ దేశకాలంలో వున్నామో ఎవరూ దానికి చెప్పలేదు. అది గ్రీనిచి కాలాన్నే పట్టుకుని కూర్చున్నది. నేను పదకొండు అంటే గ్రీనిచిలో పదకొండు అనుకున్నది. మన గడియారం గ్రీనిచికంటె 5 గంటల 30 నిముషాలు ముందు. కనుక నా ఫోనులో అది నాలుగున్నర అయింది. కాలేజీలో మాత్రం 11 అనే కనిపిస్తూ నన్ను మోసపుచ్చింది.

తేడా ఎంతో చూస్తే తప్పెక్కడున్నదో తెలుస్తుందని మా తమ్ముడు నేర్పాడు. తేడా అయిదున్నర గంటలైతే గ్రీనిచి పేచీ. ఒక గంట అయితే అమెరికావాళ్ళు గడియారం జరుపుకునే పేచీ. 2007 నుంచి వాళ్ళు మార్చి రెండో ఆదివారం గంట ముందుకు తిప్పి, నవంబరు మొదటి ఆదివారం వెనక్కు తిప్పుతున్నారు. అక్టోబరులో మనసులో వేసుకున్న లెక్క నవంబరులో చెల్లదు. అందుకని "ఇన్ని గంటల తేడా" అని కాక, ఊరి పేరే ఎంచుకోవాలి. మనకైతే "ఆసియా, కోల్‌కతా" అని వుంటుంది.

మందు కూడా చెప్పాడు. ఫోనులోనూ, ప్రతి కాలెండరు ఖాతాలోనూ, వ్రాసిన ఆ పనిమీదా మూడుచోట్లా ఊరు చూసుకోవాలి. ఖాతాలో ఊరు మార్చినంత మాత్రాన పాత తప్పులు వాటంతటవి దిద్దుకోవు. మొదట వ్రాసినచోటనే మళ్ళీ సరిచేయాలి. తక్కిన వాటికి ఆ దిద్దుబాటు చేరడానికి ఒక్కొక్కప్పుడు గంటలు పడుతుంది. తొందరపడి అక్కడ కూడా దిద్దితే పని రెండుగా కనిపిస్తుంది.

ఈ గొడవ మనకు కొత్తేమీ కాదు. దేశానికంతకూ ఒకే గంట 1906 జనవరి 1న వచ్చింది. 82½ డిగ్రీల తూర్పు రేఖను బట్టి కట్టిన లెక్క అది. ఆ రేఖ మన కాకినాడకు కాస్త తూర్పుగా పోతుంది. అయినా కలకత్తా 1948 దాకా, బొంబాయి 1955 దాకా తమ సొంత గంటను వదలలేదు.

అంతకంటె నన్ను సిగ్గుపరిచింది మరొకటి. సంకల్పంలో శ్రీశైలానికి ఏ దిక్కున వున్నామో చెప్పుకుని గాని తిథివారాలకు రాము. చోటు చెప్పని వేళ వేళే కాదని పెద్దలు ఎరుగుదురు. ఆ మాటలు ఏటేటా పలుకుతూనే, నేను ఊరు లేని గంటను సముద్రం దాటించాను.

2025 కార్తికంలో "మన ఊళ్ళో ఉదయం 11, మీకు ముందురోజు రాత్రి 11:30" అని వ్రాసి, వాడికి ఫోను చేసి కూడా చెప్పాను. శాస్త్రిగారు దర్భలు సర్దుకుంటూ వుండగానే వాడు కనిపించాడు. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని ముందుకు వంగింది.

"ఇప్పుడు మీకెంతయిందిరా?" అన్నది.