ఒంటె తాడు

భాయిజాన్ బ్యాటరీ ఆటోకి మిస్త్రీ రిలే బిగించాడు. చార్జర్‌కి 230 వోల్టుల కరెంటు అందినంతసేపూ తాళంచెవి తిప్పినా బండి కదలదు. మాకు ఇత్మినాన్.

ఓ రోజు ఫజర్ వేళ కరెంటు పోయింది. రిలే వదిలేసింది. భాయిజాన్ ప్లగ్గు మరిచి బండి తీశాడు. వైరు తెగి వజూ నీళ్లలో పడింది. అమ్మీ అటే వస్తోంది. ఉరికి గోడ స్విచ్ ఆపేశాను. కాసేపటికే ఇంట్లో బల్బు వెలిగింది. అల్‌హందులిల్లా.

ఇప్పుడు బండి సాకెట్లోనే చిన్న స్విచ్ ఉంది. ప్లగ్గు దూరితే చాలు, తాళంచెవి వైరు తెగిపోతుంది. కరెంటు ఉన్నా, లేకున్నా.

ముందు ఒంటెను కట్టు, తర్వాత తవక్కుల్ చెయ్యి అనేవారు అబ్బా. మేం కట్టాం, కరెంటుకి కట్టాం. కట్టాల్సింది ప్లగ్గుకి.