తెరపై ఖాళీ చట్రం

యంత్రం మొరాయించినప్పుడు శబ్దమో, వేడిమో, వాసనో ఏదో ఒకటి లోపాన్ని సూచిస్తుంది. కంప్యూటరు తెరపై చిత్రం కనిపించవలసిన చోట ఖాళీ చట్రం మిగిలితే అటువంటి సూచన ఏదీ లభించదు. 2005 ప్రాంతంలో మా కర్మాగారపు అంతర్గత వెబ్ పేజీలలో భద్రతా శిక్షణ చిత్రాన్ని పొందుపరచినప్పుడు ఈ అనుభవం మాకు పుష్కలంగా కలిగింది. మూసి ఉన్న ట్యాంకులోనికి దిగే ముందు అందులోని గాలిని ఎలా పరీక్షించాలో తెలిపే చిత్రమది. చదువు రాని కాంట్రాక్టు కార్మికులకు అదే పాఠ్యపుస్తకం. అది ఒక గదిలో ఆడేది, పక్క గదిలో ఆడేది కాదు. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్లుండేది మా పరిస్థితి.

ఈ చిక్కుకు మూలం 1996 నాటిది. అప్పటి బ్రౌజర్లకు చిత్రాన్ని స్వయంగా ప్రదర్శించే శక్తి లేదు. ప్లగిన్ అనే తోడు కావలసి వచ్చేది. నెట్‌స్కేప్ అందుకు ‘ఎంబెడ్’ అనే ట్యాగును ప్రవేశపెట్టింది. మైక్రోసాఫ్ట్ వారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ‘ఆబ్జెక్ట్’ ట్యాగుతో యాక్టివెక్స్ అనే వేరొక మార్గం పట్టింది. కనుక పేజీ రాసేవారు ఒకదాని లోపల మరొకటి ఇమిడ్చి, చిత్రం చిరునామాను రెండు చోట్లా రాసేవారు. ఒకచోట మార్చి రెండవచోట మరిస్తే, ఒక బ్రౌజరులో ఆడే చిత్రం మరొకదానిలో ఆడేది కాదు.

పంపు తిరగనప్పుడు ముందు కరెంటు, పిదప ఫ్యూజు, ఆ తరువాతనే మోటారు చూస్తాము. ఇక్కడా అదే క్రమం పాటించాము. మొదట చిత్రం చిరునామాను నేరుగా బ్రౌజరులో కొట్టి, ఫైలు వస్తున్నదో లేదో చూశాము. రెండవది, ఆ బ్రౌజరుకు తగిన ప్లగిన్ ఉన్నదా అన్నది; ఒకే కంప్యూటరులో రెండు బ్రౌజర్లుంటే ఫ్లాష్‌ను రెండింటికీ విడివిడిగా అమర్చవలసి వచ్చేది. మూడవది, రెండు చిరునామాలూ ఒకటేనా అన్నది. నాలుగవది, ఆ ఫైలు ఏ రకానిదో సర్వరు సరిగా చెబుతున్నదా అన్నది. సర్వరు తప్పు చెప్పినా ఎక్స్‌ప్లోరర్ చాలా సందర్భాలలో ఫైలును చూసి ఊహించుకొనేది. సర్వరు మాటనే నమ్మిన బ్రౌజర్లు తెరనిండా అర్థంకాని అక్షరాలు కుమ్మరించేవి.

2006లో మరొక చిక్కు వచ్చింది. అమెరికాలో ఒక పేటెంటు వివాదం కారణంగా ఎక్స్‌ప్లోరర్‌లో పొందుపరచిన అంశాన్ని ఒకసారి నొక్కి మేల్కొలిపితే గాని అది మీటలకు స్పందించేది కాదు. చిత్రం చివరి ప్రశ్నలకు కార్మికుడు జవాబు నొక్కితే మొదటి నొక్కు వృథా అయ్యేది. తన జవాబు తప్పేమోనని అతడు సందేహించేవాడు. ట్యాగును వేరొక స్క్రిప్టు ఫైలు ద్వారా రాయించడంతో ఆ ఇబ్బంది తొలగింది.

2014లో హెచ్‌టీఎంఎల్ 5 ప్రమాణమై, ‘వీడియో’ ట్యాగు స్థిరపడింది. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కు అడోబ్ సంస్థ మద్దతు ముగిసింది. మూలచిత్రాన్ని విడిగా భద్రపరచినవారు దానిని ఎంపీ4 రూపంలోనికి మార్చుకొని నిశ్చింతగా ఉన్నారు. ఫ్లాష్ ఫైలు మాత్రమే మిగిలినవారికి పాఠం ఉన్నా చూపే సాధనం కరువయింది.

ప్రదర్శించే సాధనాలు మారుతూనే ఉంటాయి. పాఠం మాత్రం నిలవాలి. ప్రతి విభాగమూ తన బీరువాలోని పాత శిక్షణ సీడీలను ఒకసారి తెరిచి, మూలప్రతి ఉన్నదో లేదో చూసుకోవడం మంచిది. తెరపై చిత్రం ఆడలేదన్న కారణంగా ఏ కార్మికుడూ పాఠం తెలియకుండా ట్యాంకులోనికి దిగరాదు.