ఫెరార్గంజ్ చెప్పిన మాట

ఎల్.టి.సి. పై సకుటుంబంగా అండమాన్ వెళ్ళిన మేము, మనకు పోర్ట్ బ్లెయిర్‌గా పరిచితమైన నేటి శ్రీవిజయపురం నుండి ట్రంక్ రోడ్డు వెంట ఫెరార్గంజ్ చేరుకున్నాము. 1920లలో చీఫ్ కమిషనరుగా పనిచేసిన ఫెరార్ పేరే ఈ ఊరి పేరు. దేశవిభజన తరువాత తూర్పు బెంగాల్ కాందిశీకులు 1949 నుండి దక్షిణ అండమాన్ పల్లెలలో స్థిరపడ్డారు.

ఇల్లు విడిచి వచ్చినవారి నేలపై నిలిచినప్పుడు, సముద్రానికి ఆవలనున్న బర్మా మాకు గుర్తుకు వచ్చింది. 1942లో జపాను దాడికి వెరచి లక్షలాది భారతీయులు బర్మాను వీడారు. వారిలో మన తెలుగువారెందరో! ఓడలో చోటు దొరకనివారు కాలినడకన కొండలు దాటారు. వేలాదిమంది దారిలోనే అసువులు బాశారు. 1960లలో తిరిగివచ్చినవారి గుర్తుగా విశాఖలో బర్మా క్యాంపు నేటికీ ఉంది.

అదే దేశంలో అంతర్యుద్ధం ముదిరినప్పుడు, 2024 ఫిబ్రవరిలో, రఖైన్ రాష్ట్రానికి వెళ్ళవద్దనీ, అక్కడున్నవారు వెంటనే వెలుపలికి రావాలనీ మన విదేశాంగ శాఖ హెచ్చరించింది. టెలిఫోన్లు స్తంభించాయనీ, నిత్యావసరాలు కరువయ్యాయనీ తెలిపింది.

దారి తెరచి ఉన్నంతవరకే హెచ్చరికకు విలువ. పిల్లలు విదేశాలలో ఉన్న మన ఉద్యోగుల కుటుంబాలకు మా మనవి ఒక్కటే: అక్కడి భారత రాయబార కార్యాలయంలో వారి పేరు నమోదు చేయించండి, తిరిగి రమ్మన్న కబురు అందిన నాడే బయలుదేరమనండి.