నరసాపురంలో అతుకుపని

బరంపురంలో రైలెక్కి, నిడదవోలులో బండి మారి నరసాపురం చేరాం. దారిపొడవునా మా ఆవిడ ఒళ్లోని సంచి దించలేదు. అందులో సగం లేసు దుప్పటి ఉంది. మిగతా సగం వశిష్ఠ గోదావరి ఒడ్డున, ఆవిడ స్నేహితురాలి ఇంట్లో ఉంది.

1998లో ఒక పెళ్లిలో కలిశారు. అప్పట్నుంచీ ఒకరు పువ్వు అల్లి పోస్టులో పంపడం, అది చూసి రెండోవారు మరో రకం కల్పించడం. మిషనరీల ద్వారా 19వ శతాబ్దంలో ఇక్కడికొచ్చిన ఈ అల్లికకు 2024లో జి.ఐ. గుర్తింపు వచ్చింది. కూలి సంగతి వేరు. బ్యాంకువాణ్ణి గనక ఆవిడ చెప్పిన డబ్బును గంటలతో భాగించి చూశాను, నోరు మెదపలేదు. పగలు కూలికి అల్లిన చేతులే రాత్రిళ్లు మా దుప్పటి అల్లాయి.

రెండు సగాలూ మంచమ్మీద పరిచారు. మాది రెండు వేళ్లు పొడుగు! విప్పక తప్పదనుకున్నాను. ఆవిడ కళ్లకు శుక్లాలు, తెల్లదారం ఆనదు. వేళ్లతో తడిమి, "నీ చెయ్యి వదులు, నాది బిగువు వదినా. నా ముక్కకి ఇంకో వరస వేస్తే సరి" అంది.

"వేసేదెవరు?"

"నువ్వే. గొలుసులు నేను లెక్కపెడతా."

సాయంత్రం బండి తప్పిపోయింది. టిక్కెట్ల డబ్బు పోయిందని బాధపడింది నేనొక్కణ్ణే.