దివిసీమ దారిలో మూగబోయిన స్పీకరు

విజయవాడ నుండి హంసలదీవికి వెళ్ళే దారిలో కృష్ణా డెల్టా అంతా ఒక్క పూటలో కనబడుతుంది. కంకిపాడు, ఉయ్యూరు ప్రాంతములలో చెరకు తోటలు. పామర్రు, చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ చేరేవరకు వరిచేలు, కాలువలు. కోడూరు దాటిన తరువాత రొయ్యల చెరువులు, ఉప్పునేలలు, మడ అడవులు. అక్కడ కృష్ణ పాయ సముద్రములో కలుస్తుంది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి వేలమందిని పొట్టన పెట్టుకొన్నది ఈ సీమలోనే.

వానలు తగ్గుముఖము పట్టిన దినములలో మేము నలుగురము అద్దె కారులో ఈ దారిన బయలుదేరాము. చల్లపల్లి దాటేసరికి ముందు తలుపులోని స్పీకరు ఆగి ఆగి పలికి, చివరకు మూగబోయింది. వెనుక అద్దము కింద ఉన్నదేమో ఎండుటాకు నలిపినట్లు గరగరలాడుతున్నది. డ్రైవరు తమ్ముని ముఖము చిన్నబోయింది.

"పట్నములో చూపిస్తే సెట్టంతా మార్చాలన్నారు అయ్యగారూ. కారు వాయిదా కట్టేదా, ఇవి కొనేదా? పాటలు లేకపోయినా ఫరవాలేదండి. గాలివానకు సెల్ టవర్లు పడిపోతే మాకు రేడియో వార్తలే గతి" అన్నాడు.

ఆ మాట మమ్మును ఆలోచింపజేసింది. అవనిగడ్డలో ఒక పెద్దాయన రేడియోలు బాగుచేసే చిన్న కొట్టు ముందు కారు ఆపించాము.

ఆయన మొదట ఏ విడిభాగమూ విప్పలేదు. శబ్దమును కుడి ఎడమలకు, ముందు వెనుకలకు మార్చే మీటలు తిప్పి, ఏ స్పీకరు చెడిందో తేల్చాడు. తరువాత తలుపులోని స్పీకరు తీగలు ఊడదీసి, 1.5 వోల్టుల బ్యాటరీని దాని రెండు కొసలకు క్షణకాలము తాకించాడు. టక్కుమన్నది, కోను కదిలింది. "కాయిల్ బతికే ఉందండి" అన్నాడు. తప్పు తీగలో ఉన్నది. తలుపు తీసి వేసినప్పుడెల్లా కీలు దగ్గర రబ్బరు గొట్టములో అది వంగి వంగి, పైతొడుగు బాగానే ఉండగా లోపల తెగిపోయింది. జానెడు కొత్త తీగ అతికి టంకము వేయగానే స్పీకరు పలికింది.

వెనుకదాని సంగతి వేరు. కాగితపు కోను చుట్టూ ఉండే ఫోము అంచు ఎండకు, తేమకు పొడిపొడిగా రాలుతున్నది. కాయిల్, కోను బాగున్నవి గనుక కొత్త అంచు అతికితే చాలునన్నాడు. జిగురు ఆరాలి గనుక దానిని అక్కడే విడిచి, మేము హంసలదీవి చూచి సాయంకాలము తిరిగి వచ్చి తీసుకొన్నాము. రెంటికీ అయిన ఖర్చు కొత్త సెట్టు ధరలో పదో వంతు కూడా లేదు. డ్రైవరు తమ్ముడు తిరుగు దారి పొడుగునా విజయవాడ ఆకాశవాణి వింటూనే ఉన్నాడు.

ప్రియ పాఠకులారా, ఆ పెద్దాయన చెప్పిన మరికొన్ని సంగతులు మీకును ఉపయోగపడగలవు. బ్యాటరీ తాకించినా శబ్దము రాకపోతే కాయిల్ తెగినట్లే. అప్పుడు స్పీకరు మార్చక తప్పదు. 4 ఓముల స్పీకరును మీటరుతో చూస్తే సాధారణముగా 3 పైచిలుకు చూపుతుంది. శబ్దము పగిలేటంత హెచ్చుగా పెడితే కాయిల్ వేడెక్కి మాడుతుంది. ప్లస్, మైనస్ తీగలు ఒకదానికి తారుమారైతే బరువైన స్వరము పలచబడుతుంది. స్పీకరు తీగ కారు రేకును తాకితే సెట్టే పాడుకావచ్చును. వాన నీరు కిటికీ అద్దము వెంట తలుపులోనికి దిగుతుంది గనుక అట్ట వెనుకనున్న ప్లాస్టిక్ కాగితమును చింపి పారవేయక మరల అతికించాలి. సముద్రతీరమున ఉండేవారు ఫోము అంచుకంటె రబ్బరు అంచున్నవి కొనుట మేలు.

వాహనము మీద బ్రతికే కుటుంబములో ప్రతి రూపాయికి లెక్క ఉన్నది. కొత్తవి కొనకమునుపు చెడినదేదో చూపించుకొనండి. ఆ పని తుఫాను నెలలు రాకముందే చేయించుకొంటే మరీ మంచిది.