వీపు మీద మూట

డిపార్ట్‌మెంట్ స్టోర్ అంటే నాకు ఎస్కలేటర్లు, ఏసీ, పెద్ద పెద్ద అద్దాలు. అమెరికాలో వాటి చరిత్ర చదవడం మొదలుపెడితే ముందుగా కనిపించింది మాత్రం ఒక మూట.

19వ శతాబ్దం మొదట్లో చాలా జర్మన్ రాజ్యాల్లో యూదులకు భూమి కొనడం మీద, చేతివృత్తుల సంఘాల్లో చేరడం మీద ఆంక్షలుండేవి. ఇక మిగిలింది వ్యాపారమే. అమెరికా చేరాక కూడా చేతిలో డబ్బుల్లేవు. అందుకే చాలామంది సరుకు మూట కట్టుకునో, బండి మీద వేసుకునో ఊరూరా తిరిగి అమ్మేవాళ్ళు. ఆడమ్ గింబెల్ అలా తిరిగి తిరిగి 1842లో ఇండియానా రాష్ట్రంలోని విన్సెన్స్‌లో కొట్టు పెట్టాడు. లాజరస్ స్ట్రాస్ 1852లో వచ్చి జార్జియా పల్లెల్లో తిరిగాడు. 1874లో ఆయన కుటుంబం న్యూయార్క్ మేసీస్ బేస్‌మెంట్‌లో పింగాణీ సామాన్లు అమ్మడం మొదలుపెట్టింది. 1896కల్లా ఆయన కొడుకులు ఇసిడోర్, నాథన్ మొత్తం మేసీస్‌కే ఓనర్లు!

కానీ నాకు బాగా నచ్చింది బోస్టన్‌లోని ఫైలీన్స్ కథ. ప్రష్యా నుంచి వచ్చిన విలియం ఫైలీన్ పెట్టిన షాపు అది. ఆయన కొడుకు ఎడ్వర్డ్ 1909లో దాని బేస్‌మెంట్‌లో ఒక రూల్ పెట్టాడు. సరుకు 12 రోజుల్లో అమ్ముడుపోకపోతే 25 శాతం తగ్గింపు. 18 రోజులకి 50, 24 రోజులకి 75. 30 రోజులకీ మిగిలితే చారిటీకి. ట్యాగ్ మీద తేదీ ఉండేది.

మన సీఎస్ వాళ్ళకైతే నాలుగు ఇఫ్-ఎల్స్ లైన్లు, అంతే. కానీ ఆ రూల్ కొనేవాళ్ళకీ తెలుసు. ఇవాళే కొనాలా, ఆగాలా? ఆగితే ఇంకెవరో పట్టుకుపోవచ్చు. ఓనర్ కూడా రూల్ దాటడానికి లేదు. మొదట్లో నష్టాలొచ్చినా ఎడ్వర్డ్ దాన్ని ఆపలేదు. అమ్ముడుపోని సరుకంటే బరువేనని మూట మోసినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ రూల్‌లో నాకు ఆ తెలివే కనిపించింది.

మొన్న హాస్టల్లో ఒక యాప్‌లో అవే షూస్‌కి నా ఫోన్‌లో ఒక రేటు, రూమ్మేట్ ఫోన్‌లో ఇంకో రేటు. ఎందుకో ఇద్దరికీ అర్థం కాలేదు. ప్లేస్‌మెంట్స్ అయ్యాక అలాంటి కోడ్ రాసేది మనలో ఎవరో ఒకరే. అప్పుడు ఆ లెక్క కొనేవాళ్ళకి కూడా కనిపించేలా పెడదామని మీటింగ్‌లో అడిగే ధైర్యం నాకుంటుందా? ఉండాలనే ఇది రాస్తున్నా. లేకపోతే మీరు గుర్తు చేయండి.